పదవి పోయిన పిమ్మట సురేంద్రనాథుడు

జీవనోపాధి యాకస్మికముగా పోయినప్పుడు మనుష్యుని రెండు చింతలు చుట్టుముట్టును. రేపటినుండి కుటుంబమును పోషించుట యెట్లన్నది మొదటిది. ఇన్నాళ్లు ఉద్యోగమును బట్టియే లోకము తన్నెరిగినది కదా, అది పోయిన పిమ్మట తానెవడన్నది రెండవది. మొదటి చింత కడుపును కాల్చును. రెండవది ధైర్యమును హరించును. ఈ రెండింటిని ఇరువదియైదేండ్ల ప్రాయమున ఒక్కమారుగా నెదుర్కొని, పోయిన పదవికంటె పెద్దపనిని చేపట్టిన పురుషుడు సురేంద్రనాథ బెనర్జీ.

ఆయన 1848 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి దుర్గాచరణుడు పేరుపొందిన వైద్యుడు. పట్టభద్రుడైన పిమ్మట సురేంద్రనాథుడు 1868లో రమేశచంద్ర దత్తు, బిహారీలాల్ గుప్తలతో కూడి ఓడయెక్కి ఇంగ్లండు చేరెను. సివిల్ సర్వీసు పరీక్ష నాడు లండనులోనే జరుగుచుండెను. 1869లో ఆయన ఆ పరీక్షయందు కృతార్థుడయ్యెను. కాని వయస్సు మించినదని అధికారులు ఆయన పేరును కొట్టివేసిరి. నడుచుచున్న యేటినే వయస్సుగా చెప్పు మన దేశాచారము ఈ చిక్కునకు కారణము. ఆయన న్యాయస్థానము నాశ్రయించి తన స్థానమును మరల పొందెను. లండనునందుండగనే 1870లో తండ్రి కన్నుమూసిన వార్త ఆయనకు చేరెను.

1871లో స్వదేశమునకు వచ్చి సిల్హెట్టు జిల్లాలో సహాయ మేజిస్ట్రేటుగా నియుక్తుడయ్యెను. అచ్చట పైయధికారితో పొసగలేదు. పడవ దొంగతనమునకు సంబంధించిన యొక వ్యాజ్యములో, పారిపోని ముద్దాయి పేరును పరారీయైనవారి పట్టికలో చేర్చు ఉత్తరువుపై ఆయన సంతకము పడెను. గుట్టలుగా వచ్చు కాగితముల నడుమ పరిశీలింపక చేసిన సంతకమని ఆయన విన్నవించుకొనెను. తెలిసి చేసిన అసత్యమని విచారణసంఘము నిర్ణయించెను. అజాగ్రత్త జరిగిన మాట నిజమే. కాని అట్టి తప్పు ఇంగ్లీషు ఉద్యోగి చేసియున్నచో మందలింపుతో ముగిసియుండెడిదని నాడు దేశమున పెక్కుమంది తలచిరి. 1874లో ప్రభుత్వము ఆయనను కొలువునుండి తొలగించెను. దయాభృతిగా నెలకు 50 రూపాయలు మాత్రము మిగిలెను.

సురేంద్రనాథుడు మరల లండనునకు పోయి ఇండియా కార్యాలయమునకు మొరపెట్టుకొనెను. ఫలము లేకపోయెను. న్యాయవాదియై బ్రతుకుదమని యత్నింపగా, కొలువునుండి తొలగింపబడినవాడన్న కారణముచేత ఆ ద్వారమును మూయబడెను. విద్య కలదు, శక్తి కలదు. వానిని వినియోగించుటకు చోటు లేదు. ఇట్టి దశయందు మనస్సు తనకు జరిగిన అన్యాయమునే నెమరువేయుచు కాలము గడపుట సహజము. ఆయన యట్లు చేయలేదు. లండనులో నిలిచిన యేడాదికాలమును అధ్యయనమున వెచ్చించెను. బర్కు మొదలగు రాజనీతిజ్ఞుల రచనలను శ్రద్ధగా చదివెను. తన కీడును నిదానముగా విచారింపగా దానియందు దేశమంతటి కీడు కనబడెను. తాను భారతీయుడగుటచేతను, భారతీయులకు తమ మాట వినిపించు సంఘబలము లేకుండుటచేతను తనకు న్యాయము దొరకలేదని ఆయన నిశ్చయించుకొనెను. అంతటితో స్వంతవ్యథ కర్తవ్యముగా మారెను.

1875లో కలకత్తాకు మరలివచ్చిన ఆయనను ఆదరించినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. విద్యాసాగరుడును 1858లో ప్రభుత్వోద్యోగమును స్వయముగా వదలుకొనినవాడు. కొలువు లేని బ్రతుకు ఎట్టిదో యెరిగినవాడు. ఆయన తన మెట్రోపాలిటన్ విద్యాలయమున సురేంద్రనాథుని ఆంగ్లభాషోపాధ్యాయునిగా నెలకు 200 రూపాయల జీతముపై నియమించెను. మేజిస్ట్రేటుగా పొందిన దానిలో అది సగమునకైనను రాదు. సురేంద్రనాథుడు దానిని చిన్నతనముగా భావింపక, సంతోషముతో స్వీకరించెను. తరగతి ముగిసిన వెనుక విద్యార్థిసంఘములలో మాజినీని గూర్చియు, సిక్కుల అభ్యుదయమును గూర్చియు, చైతన్యదేవుని గూర్చియు ఉపన్యసించెడివాడు. వంగదేశపు యువకులు ఆయన మాటకు తండోపతండములుగా చేరిరి.

1876 జూలై 26వ తేదీన ఆనందమోహన బోసు మున్నగువారితో కలిసి ఇండియన్ అసోసియేషనును స్థాపించెను. ఆనాడే ఆయన కుమారుడు మరణించెను. ఇంటిలో అంతటి శోకముండగా ఆయన సభకు పోయి ప్రసంగించి తన భారమును నిర్వహించెను. సివిల్ సర్వీసు పరీక్షకు గరిష్ఠవయస్సును 21 నుండి 19 ఏండ్లకు తగ్గించినప్పుడు, 1877లో లాహోరు, అమృతసరము, ఢిల్లీ, లక్నో, ప్రయాగ, కాశీ మొదలగు పట్టణములు తిరిగి సభలు జరిపెను. మరుసటియేట పశ్చిమ దక్షిణ ప్రాంతములకును పోయెను. ఏ కొలువు తనకు మూతపడెనో ఆ కొలువు ద్వారము ఇతరుల బిడ్డలకు తెరువబడవలెనని ఆయన శ్రమించెను.

1879లో బెంగాలీ పత్రికను స్వీకరించెను. 1882లో ఒక చిన్నబడిని చేపట్టి, రిపన్ కళాశాలగా పెంచెను. నేడది సురేంద్రనాథుని పేరనే నడుచుచున్నది. ఉపాధ్యాయవృత్తిని మూడు దశాబ్దములకు పైగా విడువలేదు. 1883లో న్యాయస్థాన ధిక్కారమునకై రెండు నెలలు కారాగారమున నుండెను. 1895లో పూనాయందును, 1902లో అహమ్మదాబాదునందును కాంగ్రెసునకు అధ్యక్షత వహించెను. 1905 నాటి వంగవిభజనకు ఎదురుగా ముందు నిలిచినవారిలో ఆయన యొకడు. 1911లో ఆ విభజన రద్దయ్యెను.

1921లో ఆయన వంగరాష్ట్రమున స్థానిక స్వపరిపాలనా మంత్రియయ్యెను. నలువదియేడేండ్లక్రితము తన్ను వెలివేసిన సర్వీసునకు చెందిన యుద్యోగులే అప్పుడాయన శాఖలో పనిచేసిరి. 1923లో కలకత్తా పురపాలక శాసనమును నెరవేర్చెను. ప్రభుత్వమునందు చేరుటను, సర్ బిరుదమును గైకొనుటను తప్పుపట్టినవారు పెక్కురు. ఆ యేటనే జరిగిన యెన్నికలలో యువకుడగు బిధానచంద్ర రాయి చేతిలో ఆయన ఓడిపోయెను. డెబ్బదియైదేండ్ల వయస్సున పదవి రెండవమారు పోయెను. అప్పుడును ఆయన కలమును విడువక స్వీయచరిత్రను పూర్తిచేసెను. అది 1925లో వెలువడెను. ఆ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన బారక్‌పూరులో దేహము చాలించెను.

పదవి యొకరిచ్చునది, ఒకరు తీసికొనిపోగలది. విద్యయు, శ్రమయు, పరులకొరకు పనిచేయు బుద్ధియు ఏ యుత్తరువుతోను తొలగింపబడవు. సురేంద్రనాథునికి పోయిన కొలువు తిరిగి రాలేదు, నిర్దోషిత్వమును ఎవరును ప్రకటింపలేదు. ఆయన దానికై కాచుకొని కూర్చుండలేదు. తగ్గిన జీతమునకు తలయొగ్గి, చేతికి దొరికిన పనిని సమగ్రముగా చేసెను. ఆ పనినుండియే తరువాతి పని పుట్టెను. ఉపాధి కోల్పోయి దిక్కుతోచక నిలిచినవారు ఈ చరిత్రనుండి గ్రహింపదగిన ధైర్యమిదియే.