మన ఉక్కు వెంట పడిన ఫారడే

ఫారడే అనగానే మనందరికీ మోటారు, జనరేటరు గుర్తొస్తాయి. కానీ వాటికన్నా ముందు ఆయన కొన్నేళ్ళు మన ఉక్కు వెంట పడ్డాడని చాలామందికి తెలీదు.

మైకేల్ ఫారడే 1791లో లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. స్కూలు చదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్ళకే బుక్ బైండింగ్ షాపులో చేరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదివి సైన్స్ నేర్చుకున్నాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీకి అసిస్టెంట్ అయ్యాడు.

అక్కడ జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి పనిచేశాడు. స్టోడార్ట్ సర్జరీ కత్తులు తయారుచేసేవాడు. ఇండియా నుంచి వచ్చే వూట్జ్ స్టీలంటే అతనికి గొప్ప గురి. వూట్జ్ అనే మాట మన దక్షిణాది 'ఉక్కు' నుంచే వచ్చిందంటారు. తెలంగాణలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి ఇలాంటి ఉక్కే తీసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్ళు.

మైపాడులో చేపలు కోసే కత్తిపీటకైనా, మన వర్క్‌షాప్‌లో లేత్ టూల్‌కైనా అసలు పరీక్ష ఒకటే: రాపిడికి పదును ఎంతసేపు నిలుస్తుంది? ఫారడే 1819లో వూట్జ్‌ని పరీక్షించి, అందులో కొంచెం అల్యూమినా కనబడితే రహస్యం అదే అనుకున్నాడు. అది తప్పు. అసలు సంగతి కార్బన్. వూట్జ్‌లో అది సుమారు 1.5 శాతం ఉంటుంది. ఇనుముతో కలిసి గట్టి కార్బైడ్ రేణువులవుతుంది. చుట్టూ ఉన్న లోహం అరుగుతున్నా అవి అంత తొందరగా అరగవు.

కానీ ఆ తప్పు దారిలోనే ఫారడే స్టీలులో వెండి, ప్లాటినం, రోడియం, నికెల్, క్రోమియం ఒక్కొక్కటీ కలిపి చూశాడు. 1820, 1822లో ఫలితాలు అచ్చయ్యాయి. 1823లో స్టోడార్ట్ చనిపోయాడు, ఆ పని ఆగిపోయింది. 1831లో ఇండక్షన్ కనిపెట్టాక ఫారడే పేరు ప్రపంచమంతా పాకింది. 1867లో కన్నుమూశాడు.

ఆయన దాచిన 79 స్టీలు ముక్కల్ని 1930ల మొదట్లో హాడ్‌ఫీల్డ్ అనే మెటలర్జిస్టు పరీక్షించాడు. అప్పటికి క్రోమియం కలిపిన టూల్ స్టీళ్ళు ఫ్యాక్టరీల్లో మామూలైపోయాయి. ఈ రోజు అరుగుదల ఇంకా తగ్గాలని పైపొరకి నైట్రోజన్ కూడా పట్టిస్తున్నాం.

కమ్మరి కొడుకు ఫారడే పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన్ని అన్నేళ్ళు తిప్పలు పెట్టిన ఉక్కు తీసిన కమ్మరుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. 'ఉక్కు' అన్న మాటొక్కటే మిగిలింది.