ఇల్లు చేరువైన వేళ: ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయిన మనిషిని కాటికి పోయిన వానితో జమకట్టుట మన పూర్వులకు అలవాటు. ఆ మాటలో నిర్దయ లేదు, అనుభవము కలదు. రైలు లేదు. పెద్ద నదులకు వంతెనలు లేవు. నడిదారిలో జ్వరము తగిలినచో దిక్కు లేదు. అందుచేత యాత్రికుడు ఇల్లువాకిళ్ల ఏర్పాటు చేసికొని, బంధువుల కన్నీటి నడుమ గడప దాటెడివాడు. తిరిగి వచ్చిననాడు కాశీసమారాధన పేర ఊరికంతటికి పండుగ. అట్టి రోజులలో మద్రాసునుండి కాశికి పోయి, మరల మద్రాసు చేరి, ఆ దారినంతయు తెలుగు వచనమున మనకు మిగిల్చిన పెద్దమనిషి ఏనుగుల వీరాస్వామయ్య.

యాత్ర అనగానే మనకు పోకయే తలపునకు వచ్చును, రాక తలపునకు రాదు. కాని మనిషి ఓర్పును పరీక్షించునది తిరుగుదారియే. పోవునప్పుడు కాశీవిశ్వేశ్వరుడు ముందుండి పిలుచును. వచ్చునప్పుడు చూడవలసినది చూచితిమన్న తృప్తి కన్నులను మూయించును. ఇల్లు దగ్గరపడినకొలది ప్రతి మజిలీయు అడ్డంకిగా తోచును. సైకిలుపై దూరదేశములు తిరిగి వచ్చు నేటి యువకునకు గూడ ఈ సంగతి తెలియును. కాళ్లు తొక్కుచునే యుండును, మనస్సు మాత్రము ముందుగానే ఇల్లు చేరి కూర్చుండును. వీరాస్వామయ్య గొప్పదనము ఆ తిరుగుదారిలోనే మనకు చక్కగా కనబడును.

ఆయన సుమారు 1780 ప్రాంతమున జన్మించిరి. చిన్ననాడే తండ్రిని కోల్పోయిరి. ఆ వయస్సున సంసారభారము మీద పడిన పిల్లవానికి చదువే ఆధారమయినది. తెలుగు, తమిళము, సంస్కృతములతోపాటు ఇంగ్లీషునందు గూడ మంచి ప్రవేశము సంపాదించి, పసితనము వీడకమునుపే కొలువులో చేరిరి. క్రమముగా ఎదిగి, మద్రాసు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అందుకొనిరి. దొరలకు ప్రజల మాటను, ప్రజలకు దొరల మాటను చెప్పుట ఆ యుద్యోగము. ఒక మాట ఎక్కువైనను, ఒక మాట తక్కువైనను ఒకని ఆస్తియో, ప్రాణమో పోవును. విన్నది విన్నట్లు, కన్నది కన్నట్లు చెప్పు నియమము ఆయనకు అచ్చట అలవడియుండును. ఆయన వచనమునకు గల నిగ్రహమునకు మూలము ఆ న్యాయస్థానమేయని నాకు తోచుచుండును.

1830 మే 18వ తేదీన, వికృతి నామ సంవత్సరమున, ఆయన మద్రాసు విడిచిరి. కుటుంబము, పల్లకీ బోయీలు, సేవకులు అందరు కలిసి నూరుమందికి మించిన పరివారము. తిరుపతి, అహోబిలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదు మీదుగా నాగపూరు, జబ్బల్‌పూరు దాటి, ప్రయాగకును కాశికిని చేరిరి. పిమ్మట గయలో పితృకార్యము తీర్చి, కలకత్తా చూచి, పూరీ జగన్నాథుని దర్శించి, తూర్పుకోస్తావెంట దక్షిణమునకు మరలిరి. దారిపొడుగున దినచర్య వ్రాయుచు, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి.

పూరీ దాటి గంజాము సీమలో అడుగుపెట్టిన యాత్రికునకు ఒక వింత అనుభవము కలుగును. ఒడియా మాట నడుమ తెలుగు మాట వినబడ నారంభించును. ఇచ్ఛాపురము, సోంపేట దాటి దక్షిణమునకు వచ్చినకొలది తెలుగు చిక్కబడును. మద్రాసు ఇంకను ఎంతయో దూరము. టెక్కలినుండి లెక్కించినను 900 కిలోమీటర్లకు మించును. అయినను మాట దొరికినచోట సగము ఇల్లు దొరికినట్లే. నెలల తరబడి పరభాషల నడుమ తిరిగిన మనిషికి, దాహమైనప్పుడు మంచినీళ్లను తన మాటతో అడుగగల చోటు ఇంటి పెరడువంటిది.

ఆ సీమను నేడు మనమెరుగుదుము. పడమట మహేంద్రగిరి. తూర్పున సముద్రము. నడుమ పలాస, టెక్కలి, కోటబొమ్మాళి, హరిశ్చంద్రపురము, నరసన్నపేట. తీరమువెంట కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్దానము. 1890ల దశకమున ఇటు రైలుదారి వచ్చినది. నేడు 16వ నంబరు జాతీయరహదారిపై బండ్లు రేయింబవళ్లు పరుగెత్తుచున్నవి. ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళమునకు ఒక పూటలో సుఖముగా చేరవచ్చును. 1831లో ఆ దూరము దినముల లెక్క. బోయీల భుజములు ఓర్చినంత నడక, నీరున్నచోట విడిది. వంశధార, నాగావళి దాటనిదే దక్షిణమునకు దారి లేదు. ఏరు పొంగెనా, రేవున పడిగాపులే.

దేశపరిస్థితియు నెమ్మదిగా లేదు. ఉత్తర సర్కారులు కంపెనీ వశమై అప్పటికి ఆరు దశాబ్దములు దాటినది. జమీందారీలకు శాశ్వత పన్ను ఏర్పడి మూడు దశాబ్దములు కావచ్చినది. పర్లాకిమిడి ప్రాంతమున అలజడి రగులుచుండెను. దానిని అణచుటకు 1832 చివర జార్జి రస్సెలు అను అధికారిని ప్రత్యేకముగా నియమింపవలసి వచ్చెను. అట్టి కాలమున ఆడువారితో, నూరుమంది పరివారముతో ఈ దారిన నడచుట సామాన్యము కాదు. అందరిని క్షేమముగా ఇల్లు చేర్చు బాధ్యత ఒక్కని తలపై ఉన్నది.

ఇంతటి బరువు మోయుచు గూడ ఆయన కలము దింపలేదు. అదియే మనము గమనింపదగిన విషయము. పుణ్యక్షేత్రములు చూచుట అయినది, ఇక వ్రాయుటకేమున్నదని అనుకొనలేదు. కాశికి పోవునప్పుడు మజిలీలను ఏ శ్రద్ధతో గుర్తించిరో, ఇంటికి వచ్చునప్పుడును అదే శ్రద్ధతో గుర్తించిరి. ఊరినుండి ఊరికి దూరమెంత, దారి ఇసుకయా రాయియా, మంచినీరు కలదా, అంగళ్లలో ఏమి దొరకును, విడిదికి సత్రమున్నదా, నది దాటుటకు సాధనమేమి, జనుల ఆచారమెట్టిది, దొరతనము ఎట్లు నడచుచున్నది అని విచారించుట ఆయన పద్ధతి. తన వెనుక రాబోవు పేరు తెలియని యాత్రికుడు ఆయన మనస్సులో ఉన్నాడు. తన యాత్ర ముగియవచ్చినను ఆ యాత్రికునిది ఇంకను మొదలు కాలేదు. అందుచేత చివరి మజిలీకిని మొదటి మజిలీకిని ఆయన లెక్కలో భేదము లేదు.

కాశిలో హరిశ్చంద్రఘట్టము కలదు. సత్యము కొరకు రాజ్యము విడిచి, కాటికాపరియైన రాజును తలపించు ఘట్టమది. కాశినుండి మరలివచ్చు దారిలో, ఈ సముద్రతీరపు మైదానమున, హరిశ్చంద్రపురము అను ఊరు మనకున్నది. ఊళ్ల పేర్లు యాదృచ్ఛికములే కావచ్చును. కాని చూచినదానికి ఒక్క వన్నెయైనను అదనముగా దిద్దక వ్రాసిన మనిషి నడచిన సీమలో అట్టి పేరు ఉండుట ముచ్చటగా నున్నది.

1831 సెప్టెంబరు 3వ తేదీన వీరాస్వామయ్య మద్రాసు చేరిరి. పదునైదు నెలలు దాటిన యాత్ర. ఆ తరువాత ఆయన బ్రదికినది అయిదేండ్లే. 1836లో దివంగతులైరి. తన యాత్ర పుస్తకరూపమున వెలువడగా చూచు భాగ్యము ఆయనకు లేకపోయినది. శ్రీనివాసపిళ్లగారు మిత్రుని వ్రాతను కూర్చి 1838లో కాశీయాత్రచరిత్ర పేర అచ్చువేయించిరి. 1869లో రెండవ ముద్రణ వచ్చినది. పిదప చాలకాలము మరుగుపడినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన పీఠికతో మరల వెలికితెచ్చిరి. మనిషి ఇల్లు చేరుటకు పదునైదు నెలలు పట్టినది. ఆయన పుస్తకము తెలుగువారి ఇల్లు చేరుటకు నూరేండ్లకు పైగా పట్టినది. నడుమ ఒక స్నేహితుడు, ఒక పండితుడు లేకపోయినచో ఆ దారి తెగిపోయియుండెడిది.

భాష విషయమున గూడ ఒక మాట చెప్పవలెను. చదువుకొన్నవారు నిత్యము మాటలాడుకొను తెలుగునకు చేరువైన వచనము ఆయనది. దూరములు, ధరలు, నదులు, న్యాయాన్యాయములు అన్నియు అందులో ఇమిడినవి. ఆయన ఈ సీమ దాటిన 32 ఏండ్లకు, 1863 ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో గిడుగు వేంకటరామమూర్తిగారు జన్మించిరి. పర్లాకిమిడిలో పాఠములు చెప్పుచు, వాడుకభాషకు వ్రాతలో స్థానము కావలెనని పోరాడినది వారే. వాడుకభాషలో శాస్త్రము, చరిత్ర, వివేచన వ్రాయవచ్చునా అని వాదములు చెలరేగుటకు ఎన్నో ఏండ్ల ముందే, ఒక యాత్రికుడు పల్లకిలో కూర్చుండి వ్రాసి చూపినాడు.

ఉపాధ్యాయమిత్రులు ఈ పుస్తకమును తరగతిలోనికి తీసికొనిపోవలెనని నా కోరిక. పిల్లలచేత తమ ఊరినుండి పొరుగూరికి దూరము, దారి, నీరు, చెట్టు, సంత వ్రాయించి చూడుడు. పోవునప్పటి సంగతులు అందరును వ్రాయుదురు. ఇంటికి మరలి వచ్చునప్పుడు ఏమి చూచితివని గూడ అడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వ్రాయగల పిల్లవాడు వీరాస్వామయ్య దారిన పడినట్లే.