ఆనందరాజు: గోదావరి యొడ్డున జారిన అదను

ఆనంద గజపతి యనగానే గురజాడవారి నాదరించిన విజయనగర ప్రభువు స్ఫురించును. ఆయనకు శతాబ్దము ముందే అదే పేర మరియొక రాజు ఆ గద్దె నెక్కెను. ఉత్తర సర్కారులలోనికి ఇంగ్లీషు సేనను పిలిచినవాడు ఈతడే.

1757 జనవరిలో బొబ్బిలికోట కూలినది. కొలది దినములకే పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని కత్తికి బలియయ్యెను. తరువాత రాజ్యమునకు వచ్చిన ఆనందరాజునకు ఫ్రెంచి సేనాని బుస్సీతో పొసగలేదు. 1758లో బుస్సీ దక్షిణమునకు వెడలగనే ఆనందరాజు విశాఖపట్టణమునుండి ఫ్రెంచివారిని తరిమి, ఇంగ్లీషువారికి వర్తమాన మంపెను. వంగదేశమునుండి క్లైవు కర్నలు ఫోర్డును పంపెను. సైన్యపు ఖర్చులకై రాజు నెలకు 50,000 రూపాయ లిచ్చునట్లు ఒడంబడిక జరిగెను.

ఆ డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తికడ ఫ్రెంచిసేన చెదరిపోయెను. దాని నాయకుడు కాన్‌ఫ్లాన్సు గుఱ్ఱముపై రాజమహేంద్రవరమునకు పరుగిడెను. వారు గోదావరి దాటకమునుపే అడ్డగింపవలెనని ఫోర్డు కెప్టెను నాక్సును సిపాయిలతో వెంట నంపెను. నాక్సు చేరునప్పటికే సేనలో పెక్కుమంది ఆవలిగట్టు చేరిరి. కోట మాత్రము చిక్కెను.

వెంటనే నది దాటి తరిమియుండినచో శత్రువునకు ఊపిరి తీయ వ్యవధి యుండెడిది కాదు. కాని రాజు చెప్పిన సొమ్ము చెల్లింపలేదు. సొమ్ములేక ఫోర్డు కదలలేదు. ఈ తగవుతో జనవరి చివరివరకు కాలము గడచెను. ఈలోగా ఫ్రెంచివారు మచిలీపట్టణపు కోటలో నిలదొక్కుకొనిరి.

1759 మార్చిలో ముట్టడి మొదలయ్యెను. సలాబత్ జంగు పెద్దసేనతో వచ్చుచున్నాడని విని, ఆనందరాజు ఒక రాత్రి స్వదేశమునకు బయలుదేరెను. తిరుగుదారిలోనే శత్రువులున్నారని ఫోర్డు నచ్చజెప్పి మరలించెను. ఒకరి దారి తెగగొట్ట వచ్చినవానికి తన దారియే తెగినది! ఏప్రిల్ 7 రాత్రి జరిగిన తుదిదాడిలో రాజు బలగము కోటద్వారమువైపు కోలాహలము చేసి శత్రువుల దృష్టిని మరల్చెను. తెల్లవారుసరికి కోట లొంగెను. మే నెలలో సలాబత్ జంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను.

1760లో ఆనందరాజు గతించెను. 1765లో మొగలు ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యెను. 1794 జులై 10న పద్మనాభమున, ఆనందరాజు వారసుడైన చిన విజయరామరాజు అదే కంపెనీ సేనతో పోరి నేలకొరిగెను. ఒక పరదేశిని తరుముటకు మరియొక పరదేశిని పిలిచిన రాజనీతికి ఆ వంశము చెల్లించిన వెల యిది.