కార్బెట్ దొర చెవి

వేటగాని చరిత్ర అనగానే మనకు తుపాకి, గురి, చచ్చిన పులి పొడవు జ్ఞాపకము వస్తాయి. జిమ్ కార్బెట్ గ్రంథములను నిదానముగా చదివినవారికి మాత్రము వేరొక సంగతి తట్టుతుంది. ఆయన కంటికంటె, చేతికంటె ఎక్కువగా చెవిని నమ్ముకొన్న మనిషి. ఆ చెవులలో ఒకటి తుపాకి మ్రోతకే బలియైనది. ఊళ్ళను కాపాడవలసిన మనిషికి తుపాకి ఎంత అవసరమో చెవి కూడ అంతే అవసరము. కాని తుపాకికిని చెవికిని పుట్టుకతోనే వైరము. ఈ చిక్కును ఆయన జీవితము చూపినంత స్పష్టముగా మరియొకరి జీవితము చూపదని నా అభిప్రాయము.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జులై 25న నైనీతాల్‌లో జన్మించినాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కుటుంబము పెద్దది, సంపాదన చిన్నది. కుమారునికి ఆరేళ్ళు నిండకముందే, 1881లో, తండ్రి మరణించినాడు. వేసవిలో నైనీతాల్, చలికాలములో కొండ దిగువన కాలాఢుంగీ - ఈ రెండు ఇళ్ళ నడుమ బాల్యము గడచినది. కాలాఢుంగీ ఇంటి చుట్టు అడవియే. పిల్లవాడు మొదట గులేరు, పిదప ఉండవిల్లు, ఆ మీదట విల్లంబులు పట్టినాడు. ఎనిమిదేళ్ళ ప్రాయమున అతని చేతికి ఒక పాత మందుతుపాకి వచ్చినది. రెండు గొట్టములలో కుడిది పగిలిపోయినది. విరిగిన కఱ్ఱకు ఇత్తడి తీగె చుట్టబడినది. మందును, గుండ్లను వృథా చేయుటకు వీలులేని బీదతనము అతనికి ఒక్క దెబ్బకు ముందు ఎంతసేపైనను కాచుకొని యుండుట నేర్పినది.

కాచుకొని యుండుట అనగా వినుట. అడవిలో పులి కనబడుటకు చాలముందే దాని రాక వినబడుతుంది. పులి అరవదు, దానిని చూచినవి అరుస్తాయి. దుప్పి ఒకచోట హెచ్చరిక పలుకుతుంది, కణితి మరొకచోట గంట కొట్టినట్లు కూస్తుంది, చెట్టుపైనుండి కొండముచ్చు దగ్గుతుంది, నెమలి కేక వేస్తుంది. ఏ కేక ఏ దిక్కునుండి వచ్చినది, తరువాతిది ఎటువైపు జరిగినది అని లెక్క కట్టగలిగినవానికి పులి నడిచే దారి గీత గీసినట్లు తెలిసిపోతుంది. కార్బెట్ ఈ విద్యను పల్లెటూరి వేటగాండ్రవద్ద నేర్చినాడు. వారిలో కున్వర్ సింగ్ అను గ్రామాధికారి ముఖ్యుడు. ఆయన దొంగవేటలో ఆరితేరినవాడు. శిష్యుడు గురువును దాచిపెట్టక, తన గ్రంథములో అతనికి గౌరవస్థానము ఇచ్చినాడు. మన పాఖాల, ఏటూరునాగారము ప్రాంతముల పెద్దలకు ఈ భాష క్రొత్తది కాదు. చేనుగట్టున మంచె వేసికొని, ఒడిసెల చేతబట్టి, చీకటిలో అడవిపంది గురకను దిక్కుతో సహా గుర్తించే రైతు కూడ ఆ బడిలో చదివినవాడే.

చదువు మధ్యలో ఆగినది. యౌవనమున కార్బెట్ రైల్వేలో చేరినాడు. మొదట ఇంజనులకు వంటచెఱకు కొట్టించే పని, తరువాత బీహారులో గంగ ఒడ్డున మొకామాఘాట్‌లో సరకులు ఒక రైలు నుండి మరొక రైలుకు మార్పించే గుత్త. ఇరువదేళ్ళకు పైగా కూలీలతో కలిసి ఆ పని చేసినాడు. అంతటితో ఆగియుంటే ఆయన పేరు మనకు తెలిసియుండేది కాదు.

1907లో చంపావత్ ఆడపులిని చంపమని పిలుపు వచ్చినది. నేపాళములోను, కుమావూఁలోను కలిపి 436 మందిని పొట్టను పెట్టుకొన్నదని దానిపై లెక్క ఉన్నది. కార్బెట్ రెండు షరతులు పెట్టినాడు: బహుమానములు రద్దు చేయవలెను, తక్కిన వేటగాండ్రను వెనుకకు పిలువవలెను. డబ్బుకొరకు వేటాడినవాడని అనిపించుకొనుట ఆయనకు ఇష్టము లేదు. పులి చచ్చిన తరువాత నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు రెండును విరిగియున్నవి. ఎవరో ఎప్పుడో కొట్టిన తుపాకి దెబ్బ అది. సహజమైన ఆహారమును పట్టలేని జంతువు మనిషిమీద పడినది. నిర్లక్ష్యముగా పేల్చిన ఒక్క తుపాకి ఎన్ని ఇళ్ళను పాడుచేసినదో చూడండి. ఈ విషయమును కార్బెట్ తన గ్రంథములలో మరల మరల ఎత్తి చెప్పినాడు.

పిదప 1910లో పనార్ చిరుత. మొదటి మహాయుద్ధములో 1917లో ఐదువందల కుమావూఁ కూలీల దళముతో ఫ్రాన్సు ప్రయాణము. 1926 మే 2న రుద్రప్రయాగ చిరుత. బదరీ, కేదార యాత్రికుల బాటపై ఎనిమిదేళ్ళు తిరిగి 125 మందిని చంపిన ఆ మృగము ఇళ్ళ తలుపులు తోసికొని లోనికి వచ్చేది. చీకటి పడిన తరువాత ఒక్క మనిషి గడప దాటని ఆ పల్లెల బ్రతుకును చదివితే, ఇల్లు కాపాడుకొనుట అను మాటకు అర్థము బోధపడుతుంది. ఆ పల్లెవాసులలో తుపాకి గలవారు బహు కొద్దిమంది. 1878 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు దొరకుట సామాన్యునకు సులభము కాదు. తలుపు గడియ, మంట, చెవి - ఈ మూడే వారి రక్ష.

ఇక అసలు సంగతికి వస్తాను. 1929 ఫిబ్రవరిలో కార్బెట్ తరాయి ప్రాంతమున బిందుఖేరా వద్ద మిత్రులతో వేటకు వెళ్ళినాడు. ఇది నరభక్షకిని చంపే కార్యము కాదు, వినోదము. ఏనుగుల మీద సాగిన ఆ వేటలో ఒక సహచరుని చేతిలోని పెద్ద రైఫిల్ కార్బెట్ ఎడమ చెవికి మిక్కిలి సమీపమున పేలినది. గుండు ఆయనకు తగులలేదు. మ్రోత తగిలినది. చెవిపొర చిరిగిపోయి, లోపల చీము పట్టినది. ఆస్పత్రిలో చేరినా నొప్పి తగ్గలేదు. ఎన్నో మృగముల ఎదుట నిలిచి బయటపడిన మనిషి వినోదపు వేటలో ఒక స్నేహితుని చేతి పొరపాటున దెబ్బతిన్నాడు.

ఇక్కడ ఆగి, విద్యార్థుల కొరకు ఒక్క మాట చెప్పవలెను. మనము మామూలుగా మాట్లాడుకొనే ధ్వని సుమారు 60 డెసిబెళ్ళు. ఒక్కసారిగా వచ్చే మ్రోతకు 140 డెసిబెళ్ళు అపాయపు గీటు అని శాస్త్రజ్ఞులు చెప్పుతారు. సామాన్యముగా తుపాకులన్నియు ఆ గీటును దాటినవే. పెద్ద రైఫిళ్ళు 160ని కూడ మించుతాయి. ఈ కొలత మెట్లు మెట్లుగా కాక గుణకారముగా పెరుగుతుంది. పది డెసిబెళ్ళు హెచ్చితే ధ్వనిశక్తి పదిరెట్లు అవుతుంది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణములు ఉన్నవి. చెవిపొర చిరిగినా చాలమందికి మరల అతుకుతుంది. ఆ కణములు చచ్చిపోతే మనుష్యులకు మరల మొలవవు. నాలుగు గోడల నడుమ పేలిన తుపాకి ఇంకను చెఱుపు చేస్తుంది, గోడలు మ్రోతను తిప్పికొట్టుతాయి గనుక. దీపావళినాడు పిల్లలు చెవిదగ్గర బాంబులు పేల్చుకొని నవ్వుకొనుట చూచినప్పుడెల్ల నాకు ఈ కణములే గుర్తుకు వస్తాయి.

మరి కార్బెట్ చెవులలో దూది ఎందుకు పెట్టుకోలేదు? అని మీలో ఒకరు అడుగవచ్చును. బిందుఖేరాలో పెట్టుకొనియుంటే కొంత మేలే జరిగియుండేది. కాని నరభక్షకి వెంట నడిచేటప్పుడు దూది పెట్టుకొన్నవాడు తిరిగి ఇంటికి రాడు. ఎండుటాకు చప్పుడు, జారిన చిన్నరాయి చప్పుడు, కొండముచ్చు దగ్గు - ఇవి వినబడకపోతే తుపాకి ఉండియు లేనట్లే. అర్ధరాత్రి వంటరి ఇంటిలో తుపాకితో కాపలా ఉన్న గృహస్థునకు కూడ ఇదే చిక్కు. చెవులు మూసికొంటే దొంగ అడుగు వినబడదు. మూసికొనకపోతే తన తుపాకియే తనను చెవిటివానిని చేయవచ్చును. యుద్ధభూములలోను సైనికులు ఆజ్ఞలు వినబడవను భయముతోనే చెవులను మూసికొనక, జన్మమంతయు చెవిలో హోరుతో బ్రతికినారు. సన్నని ధ్వనిని పెంచి వినిపించి, పెద్ద మ్రోతను మాత్రము అణచివేసే విద్యుత్ పరికరములు నేడు ఉన్నవి. అందుచేత ఇప్పుడు ఆ ఎన్నిక అంత కఠినము కాదు. సాధన చేసేటప్పుడు చెవులకు రక్ష లేక తుపాకి ముట్టకూడదనుటలో నాకు ఏ సందేహమును లేదు. ప్రాణము మీదికి వచ్చిన క్షణమున మాత్రము, ఆ పరికరము చేతికి అందకపోతే, చెవిని తెరచియుంచి వినుటయే న్యాయమని కార్బెట్ నడవడి చెప్పుతున్నది.

ఆ నడవడి ఎట్టిదో 1929 ఏప్రిల్‌లో తేలినది. కుమావూఁకు తూర్పుకొసన, నేపాళపు సరిహద్దు దగ్గర, తల్లా దేశ్ ప్రాంతమున ఒక ఆడపులి మనుష్యులను తినుచున్నది. చెవినొప్పితో ఆస్పత్రిలో పడియుండుటకంటె ఆ పల్లెలకు వెళ్ళుటయే మేలని కార్బెట్ బయలుదేరినాడు. వెంట కొద్దిమంది అనుచరులు. ఎదిగిన పులిపిల్లలు రెండు ఆయన తుపాకికి పడినవి. తల్లి మాత్రము గాయపడి తప్పించుకొన్నది. గాయపడిన పులిని అట్లే విడిచివచ్చుట ఆయన ధర్మములో లేదు. చంపావత్ కోరలను మరచిపోలేదు గదా!

అప్పటి ఆయన స్థితిని తలచుకొనవలెను. తల వాచినది. ఎడమ చెవి మూసికొనిపోయినది. మనకు రెండు చెవులు ఉండుట అలంకారమునకు కాదు. ఒక ప్రక్కనుండి వచ్చిన ధ్వని ఆ ప్రక్క చెవికి ముందు, రెండవ చెవికి వెనుక చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యవవంతుకంటె తక్కువ. ఆ కొంచెపు తేడాతోనే మెదడు దిక్కును పోల్చుకొంటుంది. ఒక చెవి పోయినవానికి ధ్వని వినబడుతుంది, దిక్కు సరిగా తెలియదు. పులి ఉన్నదని తెలిసి ఎటు ఉన్నదో తెలియకపోవుట వేటగానికి చావుతో సమానము. అయినను ఆయన కొన్ని దినములు ఆ గాయపడిన పులి జాడ విడువలేదు. ఒకరాత్రి చెట్టుపై కాపు కాసియుండగా చెవిలోని గడ్డ దానంతట అదే పగిలిపోయినది. నొప్పి తగ్గినది. మరునాటినుండి అనుసరణ మళ్ళీ సాగి, పులి చనిపోవువరకు ఆగలేదు. ఈ కథను ఆయన వెంటనే ప్రకటించలేదు. పాతికేళ్ళ తరువాత, 1954లో వచ్చిన గ్రంథములోగాని అది అచ్చుకాలేదు. అందులో తన బాధను గూర్చి వ్రాసినది కొంచెము. పల్లెవారిని, తన అనుచరులను గూర్చి వ్రాసినది చాల.

మరుసటి సంవత్సరము, 1930 ఏప్రిల్ 11న, చౌగఢ్ ఆడపులిని చంపినాడు. ఎడమచేతిలో ఒక పిట్ట గ్రుడ్లు పదిలముగా పట్టుకొని, ఒంటిచేత రైఫిల్ త్రిప్పి, కొన్ని అడుగుల దూరమున కూర్చొన్న పులిని కొట్టిన ఘట్టము అది. చాల పుస్తకములలో దానిని ఎత్తి చూపుతారు గనుక నేను విస్తరించను.

1938 నవంబరు 30 నాటి ఠాక్ నరభక్షకి కథ నాకు అంతకంటె ఇష్టము. అప్పటికి కార్బెట్‌కు అరువది మూడేండ్లు. ఇదియే తన చివరి నరభక్షకి వేట అని నిశ్చయించుకొన్నాడు. ప్రొద్దు గ్రుంకే వేళ దూరమున ఆ ఆడపులి జతకొరకు పిలుచుట వినబడినది. కార్బెట్ మగపులి గొంతుతో బదులు పలికినాడు. అది నమ్మినది. పిలుపు, మారుపిలుపు, ప్రతిసారియు దూరము తరుగుతున్నది, వెలుతురును తరుగుతున్నది. చివరకు చాల దగ్గరకు వచ్చిన పులిపై రెండు గుండ్లు పేలినవి. చెవితో ఆరంభమైన విద్య చెవితోనే ముగిసినది.

కార్బెట్‌ను దేవునిగా చూపుట నా ఉద్దేశము కాదు. ఆయన ఆంగ్లప్రభుత్వమునకు విధేయుడు. గవర్నర్లకు, వైస్రాయికి వేటలు ఏర్పాటు చేసినవాడు. ఎవరికిని హాని చేయని పోవల్‌గఢ్ పులిని 1930లో చంపినాడు. చెవి పోయినది కూడ అట్టి వినోదమునందే గదా. కాని క్రమముగా తుపాకికంటె కెమెరా ఆయన చేతిలో ఎక్కువగా కనబడసాగినది. 1936లో ఏర్పడిన హైలీ జాతీయవనమునకు ఆయన కృషి తోడ్పడినది. తరువాత దానికి ఆయన పేరే పెట్టబడినది. కాలాఢుంగీ దగ్గర ఛోటీ హల్ద్వానీ అను గ్రామమును కొని, రైతులను నిలిపి, అడవిపందులు చేలలో పడకుండ ఊరి చుట్టు రాతిగోడ కట్టించినాడు. ఆయన దృష్టిలో ఊరికి మొదటి రక్ష గోడయే. తుపాకి దాని తరువాతిది.

రెండవ మహాయుద్ధకాలమున, డెబ్బది సమీపించిన వయస్సులో, బర్మా పోవు సైనికులకు అడవిలో మెలగుట నేర్పినాడు. చెవులతో చూచుట అందులో ముఖ్యపాఠము. 1944లో ఆయన మొదటి ప్రసిద్ధ గ్రంథము కుమావూఁ నరభక్షకులను గూర్చి వెలువడి లోకమంతట చదువబడినది. 1947 నవంబరులో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాకు వెళ్ళి, న్యేరీ అను ఊరిలో చిన్న ఇంట స్థిరపడినాడు.

అక్కడ చెట్టుకొమ్మలపై కట్టిన ట్రీటాప్స్ అను విడిది ఉండేది. 1952 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాకుమారి ఒకరాత్రి అక్కడ బసచేసినది. ఆ రాత్రియే ఇంగ్లండులోని సాండ్రింగ్‌హామ్‌లో తండ్రి మరణించగా ఆమె రాణియైనది. క్రింద ఏనుగులు, చిరుతలు తిరిగే ఆ చోట, నిచ్చెన పైమెట్టు దగ్గర తుపాకి పెట్టుకొని, డెబ్బది ఆరేళ్ళ కార్బెట్ తెల్లవారువరకు చీకటిని వింటూ కూర్చొన్నాడు.

1955 ఏప్రిల్ 19న న్యేరీలో గుండెపోటుతో మరణించినాడు. చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు బహూకరించిన రైఫిల్‌ను, దానిని తయారుచేసిన లండను కంపెనీయే 2015లో తిరిగి కొనుక్కొని భద్రపరచినది. కుమావూఁ కొండలలో వృద్ధులు ఆయనను కార్పెట్ సాహిబ్ అనియే పిలిచేవారు.