హోనస్ వాగ్నర్

హోనస్ వాగ్నర్ (ఫిబ్రవరి 24, 1874 - డిసెంబర్ 6, 1955) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు. ఇతని అసలు పేరు యోహానెస్ పీటర్ వాగ్నర్. నేషనల్ లీగ్‌లో 1897 నుండి 1917 వరకు 21 సీజన్లు ఆడి, 8 సార్లు బ్యాటింగ్ సగటులో ప్రథమ స్థానం పొందాడు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 1936లో ఎన్నికైన తొలి ఐదుగురిలో ఇతడు ఒకడు. అయితే బేస్‌బాల్ ఆటతో పరిచయం లేనివారు కూడా ఇతని పేరు వినడానికి కారణం ఒక చిన్న అట్టముక్క. సిగరెట్ పెట్టెలలో ఉంచడానికి 1909లో ముద్రించిన ఇతని బొమ్మ కార్డు, ఇతడు అనుమతి నిరాకరించినందువలన మధ్యలోనే నిలిచిపోయింది. బయటకు వచ్చిన కొద్ది ప్రతులు తరువాతి కాలంలో లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి.

బాల్యము

వాగ్నర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ నగర సమీపాన ఉన్న చార్టియర్స్ అనే ఊరిలో జన్మించాడు. ఈ ప్రాంతం తరువాత కార్నెగీ అనే పట్టణంలో భాగమయింది. తల్లిదండ్రులు పీటర్, కేథరిన్ జర్మనీ నుండి వలస వచ్చినవారు. వారికి తొమ్మిది మంది సంతానం. తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. వాగ్నర్ 12 ఏళ్ళ వయసులో బడి మానివేసి తండ్రితోను, అన్నలతోను కలిసి గని పనికి వెళ్ళాడు. కొంతకాలం మంగలి వృత్తిని కూడా నేర్చుకున్నాడు. ఖాళీ సమయంలో అన్నదమ్ములందరూ బేస్‌బాల్ ఆడేవారు. ఆ ఇంటిలో మంచి ఆటగాడిగా పేరున్నది అన్న ఆల్బర్ట్‌కే. 1895లో ఆల్బర్ట్ ఆడుతున్న జట్టుకు మరొక ఆటగాడు అవసరం కాగా, అతడు తన తమ్ముడి పేరు సూచించాడు. ఆ విధంగా వాగ్నర్ వృత్తి క్రీడాకారుడయ్యాడు.

క్రీడా జీవితము

1896లో ఎడ్ బారో అనే నిర్వాహకుడు వాగ్నర్‌ను న్యూజెర్సీలోని పాటర్సన్ జట్టులో చేర్చుకున్నాడు. మరుసటి సంవత్సరం జూలైలో నేషనల్ లీగ్‌కు చెందిన లూయీవిల్ కర్నల్స్ జట్టు తరఫున ఇతడు అగ్రశ్రేణి పోటీలలో ప్రవేశించాడు. 1899 సీజను ముగిసిన తరువాత లీగ్‌లోని జట్ల సంఖ్యను 12 నుండి 8కి తగ్గించారు. రద్దయిన జట్లలో లూయీవిల్ ఒకటి. దాని యజమాని బార్నీ డ్రైఫస్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులోకి మారుతూ వాగ్నర్‌తో సహా ముఖ్యమైన ఆటగాళ్ళను వెంట తీసుకుని వెళ్ళాడు. ఈ మార్పుతో వాగ్నర్ సొంత ఊరి దగ్గరకే చేరాడు. ఆ తరువాత మరే జట్టుకూ ఆడలేదు.

పిట్స్‌బర్గ్‌లో తొలి సంవత్సరమే (1900) .381 సగటుతో లీగ్‌లో ప్రథముడిగా నిలిచాడు. బేస్‌బాల్‌లో ఈ సగటుకు అర్థం, లెక్కకు వచ్చే ప్రతి వెయ్యి అవకాశాలలో 381 సార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం. ఇందులో .300 దాటినవారిని మంచి ఆటగాళ్ళుగా పరిగణిస్తారు. ఇదే ఘనతను 1903, 1904, 1906, 1907, 1908, 1909, 1911 సంవత్సరాలలో కూడా సాధించాడు. మొదట మైదానంలో అనేక స్థానాలలో ఆడినా, 1903 నుండి రెండవ, మూడవ బేసుల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్‌గా స్థిరపడ్డాడు. దొడ్డికాళ్ళు, పొడవైన చేతులు, భారీ శరీరం కలిగి ఉన్నప్పటికీ చాలా వేగంగా పరుగెత్తేవాడు. పిచ్చర్ బంతి వేసే క్షణాన్ని కనిపెట్టి తదుపరి బేస్‌కు పరుగెత్తడాన్ని ఈ ఆటలో బేస్ దొంగిలించడం అంటారు. వాగ్నర్ తన జీవితంలో 720కి పైగా బేసులను ఇలా దొంగిలించాడు. వేగం వలన, జర్మన్ సంతతి వాడు కావడం వలన అభిమానులు ఇతనిని ఫ్లయింగ్ డచ్‌మన్ అని పిలిచేవారు. ఆ రోజులలో అమెరికాలో జర్మన్లను కూడా డచ్చివారనే వ్యవహరించేవారు.

1903లో జరిగిన మొట్టమొదటి ఆధునిక వరల్డ్ సిరీస్‌లో పైరేట్స్ జట్టు బోస్టన్ చేతిలో ఓడిపోయింది. వాగ్నర్ సగటు కేవలం .222. ఈ వైఫల్యానికి పత్రికలు ఇతనిని తీవ్రంగా విమర్శించాయి. ఆరేళ్ళ తరువాత, 1909 వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ టైగర్స్‌పై పైరేట్స్ 4-3 తేడాతో గెలిచింది. అందులో వాగ్నర్ .333 సగటుతో ఆడి 6 బేసులు దొంగిలించగా, ప్రత్యర్థి జట్టులోని ప్రఖ్యాత ఆటగాడు టై కాబ్ .231 సగటుతో సరిపెట్టుకున్నాడు. 1914 జూన్ 9న వాగ్నర్ తన 3,000వ హిట్ సాధించాడు. 20వ శతాబ్దంలో ఆ మైలురాయిని చేరిన మొదటివాడు ఇతడే.

సిగరెట్ కార్డు

వాగ్నర్ కీర్తి ఉచ్చదశలో ఉన్నప్పుడు, 1909లో, అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాళ్ళ రంగుల బొమ్మలను పెట్టడం ప్రారంభించింది. ఈ కార్డు పెట్టె నలగకుండా కాపాడేది, కొనుగోలుదారులను ఆకర్షించేది కూడా. 1911 వరకు వెలువడిన ఈ శ్రేణిలో 520కి పైగా రకాల కార్డులు ఉన్నాయి. సుమారు మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఆరున్నర సెంటీమీటర్ల పొడవు గల ఈ కార్డులను పెద్ద అట్టలపై లితోగ్రఫీ పద్ధతిలో, ఒక్కొక్క రంగును విడివిడిగా అద్ది, తరువాత ముక్కలుగా కోసేవారు. వెనుకవైపు సిగరెట్ రకం ప్రకటన ఉండేది. మొత్తం 16 రకాల పేర్లతో ఈ కార్డులు లభిస్తున్నాయి. వాగ్నర్ కార్డులు మాత్రం స్వీట్ కాపోరల్, పీడ్‌మాంట్ అనే రెండు పేర్లతోనే కనిపిస్తాయి. బోస్టన్‌కు చెందిన కార్ల్ హార్నర్ తీసిన ఛాయాచిత్రం ఆధారంగా, నారింజ రంగు నేపథ్యంపై ఇతని బొమ్మను చిత్రించారు.

ఆటగాళ్ళ అనుమతి సంపాదించే పనిని కంపెనీ పాత్రికేయులకు అప్పగించింది. వాగ్నర్ వద్ద అనుమతి తీసుకుంటే పిట్స్‌బర్గ్ పాత్రికేయుడు జాన్ గ్రూబర్‌కు 10 డాలర్లు ఇవ్వజూపింది. వాగ్నర్ తన బొమ్మ సిగరెట్లతో పాటు వెళ్ళడం ఇష్టం లేదని లేఖ రాశాడు. తన నిరాకరణ వలన గ్రూబర్ నష్టపోకూడదని ఆ 10 డాలర్లకు తానే చెక్కు రాసి పంపాడు. ఈ సంగతి 1912లో స్పోర్టింగ్ న్యూస్ పత్రికలో వెలువడింది. అప్పటికే కొన్ని కార్డులు ముద్రణ పూర్తయి పెట్టెలలోకి చేరాయి. కంపెనీ మిగిలిన ముద్రణను నిలిపివేసింది. మొత్తం 50 నుండి 200 వరకు కార్డులు మాత్రమే బయటకు వచ్చి ఉంటాయని సేకర్తల అంచనా. వాటిలో సుమారు 60 కార్డుల ఉనికి తెలిసింది.

నిరాకరణకు కారణాలు

వాగ్నర్ ఎందుకు నిరాకరించాడన్న విషయంపై రెండు వాదనలు ఉన్నాయి. బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనడం ఇతనికి నచ్చలేదన్నది మొదటి వాదన. ఇతడు పొగాకు విరోధి కాకపోవడం వలన కొందరు దీనిని అంగీకరించరు. వాగ్నర్ పొగాకు నమిలేవాడు. లూయీవిల్‌లో ఆడిన రోజులలో రెకియస్ అనే చుట్టల కంపెనీ ప్రకటనపై ఇతని బొమ్మ ఉంది. 1948లో లీఫ్ కంపెనీ విడుదల చేసిన కార్డుపై ఇతడు పొగాకు నోట పెట్టుకుంటున్న దృశ్యమే కనిపిస్తుంది. కావున తగిన ప్రతిఫలం ఇవ్వకుండా తన బొమ్మను వాడుకోవడమే ఇతని అభ్యంతరమని రెండవ వాదన. 1905లోనే లూయీవిల్‌లోని హిలెరిచ్ బ్యాట్ల కంపెనీ ఇతనితో ఒప్పందం చేసుకుని ఇతని సంతకాన్ని బ్యాట్లపై ముద్రించింది. తన పేరుకు విలువ ఉందని ఇతనికి తెలుసుననడానికి దీనిని ఉదాహరణగా చూపుతారు. అయితే డబ్బు ఒక్కటే కారణమైతే గ్రూబర్‌కు తన సొమ్ము పంపవలసిన అవసరం లేదని మొదటి వాదన వారు సమాధానం చెబుతారు. పెద్దవాడు తన ఇష్టం కొద్దీ పొగాకు వాడటం వేరు, పిల్లల చేత కొనిపించడం వేరు అన్నది వారి అభిప్రాయం.

కార్డు తరువాతి చరిత్ర

సిరక్యూస్ నగరానికి చెందిన జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త 1930లలో అమెరికా కార్డులన్నింటికీ పట్టిక తయారుచేసి, ఈ శ్రేణికి టి206 అని సంఖ్య ఇచ్చాడు. టి అక్షరం పొగాకును సూచిస్తుంది. మిగిలిన కార్డులు కొద్ది సెంట్లకే దొరికే ఆ రోజులలోనే వాగ్నర్ కార్డు వెల 50 డాలర్లు. తీవ్రమైన కీళ్ళవ్యాధితో బాధపడుతూనే బర్డిక్ తన మూడు లక్షలకు పైగా వస్తువులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు అప్పగించి, వాటిని స్వయంగా ఆల్బంలలో అతికించి, 1963లో ఆ పని ముగించిన కొద్ది వారాలకే మరణించాడు. అందులో వాగ్నర్ కార్డు కూడా ఒకటి.

అన్నింటికంటే మంచి స్థితిలో ఉన్నదని పేరుపొందిన ప్రతిని 1991లో హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్స్కీ, బ్రూస్ మెక్నాల్ కలిసి 4,51,000 డాలర్లకు వేలంలో కొన్నారు. 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే దానిని 1980లలో అమ్మిన వ్యాపారి బిల్ మాస్ట్రో, అంచులు కొత్తగా కనిపించడానికి తానే వాటిని కత్తిరించినట్లు 2013లో న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు. దీనికి భిన్నంగా, నలిగి అరిగినా కత్తిరించని ప్రతులకు గిరాకీ పెరిగింది. 2021లో ఒక ప్రతి 66 లక్షల డాలర్లకు, 2022లో మరొకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి.

విరమణ తరువాత

వాగ్నర్ 1916 డిసెంబరులో బెస్సీ స్మిత్‌ను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమార్తెలు. 1917లో ఆట విరమించి, కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. అలెఘెనీ కౌంటీ షెరీఫ్ పదవికి పోటీచేసి ఓడిపోయాడు. క్రీడా సామగ్రి దుకాణం నడిపినా అది నిలవలేదు. 1933లో పైరేట్స్ జట్టు ఇతనిని శిక్షకుడిగా నియమించింది. దాదాపు రెండు దశాబ్దాలు ఆ పనిలో ఉండి యువ ఆటగాళ్ళను తీర్చిదిద్దాడు. 1955 ఏప్రిల్ 30న పిట్స్‌బర్గ్‌లోని ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానం సమీపాన శిల్పి ఫ్రాంక్ విటర్ రూపొందించిన ఇతని కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. అప్పటికే బలహీనపడిన వాగ్నర్ ఆ సభకు హాజరయ్యాడు. అదే సంవత్సరం డిసెంబర్ 6న తన 81వ ఏట కార్నెగీలో మరణించాడు. తనకు 10 డాలర్లు ఖర్చు పెట్టించిన కార్డు వేలంశాలలో లక్షలు పలకడం ఇతడు చూడలేదు.

విశేషాలు

* కార్డుపై పిట్స్‌బర్గ్ పేరు చివర హెచ్ అక్షరం కనిపించదు. ఇది అచ్చుతప్పు కాదు. 1891 నుండి 1911 వరకు ఆ నగరం పేరును ప్రభుత్వ రికార్డులలో హెచ్ లేకుండానే రాసేవారు.
* ఈ శ్రేణిలో నిజమైన అచ్చుతప్పు షెర్రీ మాగీ కార్డులో ఉంది. ఇతని పేరు వర్ణక్రమాన్ని తప్పుగా ముద్రించి, వెంటనే సరిదిద్దారు. అందువలన తప్పు ఉన్న కార్డులే అరుదైనవి.
* ఇదే శ్రేణిలో ఎడ్డీ ప్లాంక్ కార్డు కూడా బహు అరుదు.
* 1936 హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో టై కాబ్‌కు 222, బేబ్ రూత్‌కు, వాగ్నర్‌కు సమానంగా 215 ఓట్లు లభించాయి.
* 2010లో ఒక సన్యాసినుల సంఘానికి విరాళంగా వచ్చిన, అంచులు తెగిన వాగ్నర్ కార్డు 2,62,000 డాలర్లకు అమ్ముడుపోయింది. 2021లో సగానికి చినిగిన మరొక కార్డుకు 4,75,000 డాలర్లకు పైగా లభించింది.
* వాగ్నర్ విగ్రహాన్ని జట్టు మైదానం మారినప్పుడల్లా తరలించారు. 2001 నుండి అది పి.ఎన్.సి. పార్క్ ముందు ఉంది.