సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు – బడిపిల్లల ఫలాహారపు పద్దు

మహాపురుషుల కీర్తి లోకమున రెండు తెరగుల నిలుచును. కొందరి పేరు వీధులకును, విగ్రహములకును, బిరుదములకును అంటియుండును. మరికొందరి పేరు లోకము మరచినను వారు నాటిన యాచారము తరతరములు సాగుచుండును. దేవాంగకులమున జన్మించి చెన్నపురికి తలమానికమైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారి యందు ఈ రెండును గలవు. వారి పేరు నిలిచిన తావు త్యాగరాయనగరము, అది యెల్లరెరిగినదే. వారి యాచారము నిలిచిన తావు బడిపిల్లవాని మధ్యాహ్నపు కంచము. దానిని మనవారిలో పెక్కుమంది యెరుగరు. కావున మేము వారి జీవితమును సంగ్రహముగ దెలిపి, ఈ రెండవ విషయమును కొంత విస్తరింపదలచితిమి.

శెట్టిగారు 1852వ సంవత్సరమున తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో బి.ఏ. పట్టమును బడసిరి. ఆ కాలమున పట్టభద్రులు సర్కారు కొలువునే పరమార్థముగ నెంచెడివారు. వీరు కులవృత్తియగు నేతను, దానితోపాటు తోళ్ల పరిశ్రమ మొదలగు వ్యాపారములను జేపట్టిరి. వారి యాజమాన్యమున సుమారు 100 మగ్గము లాడెడివి. పిట్టివారి చేతిరుమాళ్లు నాడు పేరుగన్న సరకు. 1909లో దక్షిణ భారత వర్తక సంఘమును స్థాపించిన ప్రముఖులలో వీరొకరు. మగ్గపు మర్మమెరిగినవారికి వేరుగ జెప్పనక్కరలేదు: నూలు తక్కువపడినప్పుడు అంచునకు రంగు తగ్గింపవచ్చును, పడుగున పోగులు తగ్గింపరాదు, తగ్గించినచో బట్టయే నిలువదు. ఈ వివేకమును శెట్టిగారు నగరపు ఆయవ్యయములకును అన్వయించిరని మా యభిప్రాయము.

1882లో వారు చెన్నపురి కార్పొరేషను సభలో బ్రవేశించిరి. అది మొదలు దాదాపు 40 ఏండ్లు ఆ సభను విడువలేదు. వీధి, దీపము, నీరు, మురుగు, వైద్యశాల, బడి, ఇట్టి కీర్తిలేని పనులలోనే వారి యాయువు గడచినది. 1916లో డాక్టరు టి.ఎం. నాయరుగారితోను, డాక్టరు సి. నటేశ మొదలియారుగారితోను గూడి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను నెలకొల్పిరి. అదియే తరువాత జస్టిస్ పార్టీ యని వాడుకకెక్కినది. 1920 ఎన్నికలలో ఆ పక్షము గెలువగా గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గము నేర్పరుపుమని శెట్టిగారిని గోరెను. వారు సవినయముగ నిరాకరించిరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రథమమంత్రులైరి. రాజధాని నేలు పదవిని కాదని, శెట్టిగారు నగరపాలనమునే నమ్ముకొనిరి. పాలనమను శబ్దమునకు రక్షణమే మూలార్థమని సంస్కృత మభ్యసించిన మాకు దోచును. దానికి దృష్టాంతము ఆ యేటనే జరిగినది.

నాటికి వారు ఎన్నికచే ఆ పీఠమునకు వచ్చిన తొలి యనధికార యధ్యక్షులు. 1920 సెప్టెంబరు 16వ తేదీన కార్పొరేషను సభ వారి ప్రతిపాదన నొకదాని నంగీకరించినది. థౌజండు లైట్సు ప్రాంతమందలి కార్పొరేషను పాఠశాలలోని పిల్లలకు దినమునకు తలకొక యణా మించని వ్యయముతో ఫలాహార మొసగవలెననుటయే యా తీర్మానము. పిల్లలు పేదలగుటచే బడిలో సంఖ్య మిక్కిలి తగ్గుచున్నదని అధ్యక్షులు సభకు వివరించిరి. చిరకాలము బడిపంతులు పని చేసినవారము గనుక మాకిది విననక్కరలేని సత్యము. ఉదయము చురుకుగ వల్లించిన బాలుడు మధ్యాహ్నము పలకపై తలవాల్చుట బుద్ధిమాంద్యము గాదు, ఆకలి.

ఈ యేర్పాటు పిదప మరి నాలుగు పాఠశాలలకు వ్యాపించినది. ఆ యైదు బడులలో 1922–23లో 811 మంది పిల్లలుండగా 1924–25 నాటికి 1,671 మందియైరి. రెండేండ్లలో సంఖ్య రెట్టింపు దాటినది. ఖర్చెంత? ఆ పిల్లలందరును తినిరనుకొన్నను 1,671 అణాలు, అనగా దినమునకు 104 రూపాయల 7 అణాలు. మహానగరపు బొక్కసమునకు ఇది భారమా యని పాఠకులే విచారింతురుగాక.

అయినను 1925 ఏప్రిల్ 1వ తేదీతో దీనికి విఘాతము గలిగినది. ప్రాథమిక విద్యానిధి నుండి ఫలాహారమునకు వ్యయము చేయరాదని ప్రభుత్వ మాక్షేపించెను. ఆ నాటి ఆర్థికస్థితి నిట నెరుగవలెను. 1919 సంస్కరణముల వెనుక మెస్టన్ సంఘము చేసిన నిర్ణయముచే చెన్నరాజధాని యేటేట 348 లక్షల రూపాయలు హిందూదేశ ప్రభుత్వమునకు చెల్లింపవలసివచ్చెను. ఇతర రాష్ట్రములేవియు ఇంత చెల్లింపలేదు. పైగా విద్యయు, స్థానిక పాలనమును మంత్రులకు వదలబడెను గాని, ఆర్థికశాఖ గవర్నరుగారి కార్యనిర్వాహక సభ్యుని చేతనుండెను. శెట్టిగారి పక్షమువారే నాడు మంత్రులు. అయినను బొక్కసపు తాళపుచెవి వారికడ లేదు. పైవాని కలిమి తరిగిన కొలది క్రిందివాని పద్దులు సందేహమునకు లోనగుట లోకరీతి. చదువుకొరకు గూర్చిన నిధిని చదువునకే వెచ్చింపవలెనను వాదమున న్యాయము లేకపోలేదు. కాని ఆకలి బడికి రానీయని బాలునికి అన్నమే చదువునకు మొదటి మెట్టు. పలకకు పద్దుండి పిడికెడన్నమునకు పద్దులేనిచో ఆ పలక నెవరు పట్టుదురు?

ఆ 1925లోనే శెట్టిగారు పరమపదించిరి. నలువది యేండ్ల సేవకు పండుగ దాము నాటిన మొక్క వాడిన సంవత్సరమే వారికి కడపటి సంవత్సరమగుట మనకు దుఃఖకరము. అయినను వేరు చావలేదు. రెండేండ్లకు 25 పాఠశాలలలో సుమారు 1,000 మంది పేదపిల్లలకు మరల ఫలాహార మేర్పడినది. 1956లో కామరాజుగారు దానిని రాష్ట్రవ్యాప్తముగ జేసిరి. 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారు మిక్కిలి విస్తరింపజేసిరి. 1995లో కేంద్రప్రభుత్వము దేశమంతట పథకము నారంభించెను. బడిలో వండిన యన్నమునే పెట్టవలెనని 2001లో సర్వోన్నత న్యాయస్థాన మాజ్ఞాపించెను. 2003 నుండి మన తెలుగునాటి బడులలోను ఆ యన్నము వడ్డింపబడుచున్నది. ఒక నగరసభలో ఒక యణాగా పుట్టినది నేడు దేశధర్మమైనది.

ఈ చరిత్రమున మనము గ్రహింపవలసినదేమి? స్థానిక సంస్థకు ఆదాయము తగ్గినప్పుడు జీతములు, అప్పుల వడ్డీలు తప్పనివగును. గుత్తేదారుని బాకీకి అడుగువారుందురు. బాలుని కంచమునకును, బాలింతరాలి మందునకును, దిక్కులేని వృద్ధుని గంజికిని అడుగువారుండరు. కోత యచ్చటనే పడును. ఇది క్రౌర్యముచే గాదు. ఆ పద్దునకు గొంతుక లేకపోవుటచే. శెట్టిగారు సభలో ఆ గొంతుకయైరి. కాని ఆ ఫలాహారము పరుల యనుమతిపై నిలిచిన నిధిని నమ్ముకొన్నందున ఒక్క యాక్షేపణమునకే కూలినది. దయ యుండిన జాలదు. దయకు స్థిరమైన పద్దుండవలెను.

మనలో పురపాలక సంఘములందును, పంచాయతులందును సభ్యులైనవారు కలరు. ఆయవ్యయ పట్టిక తమ ముందునకు వచ్చిన దినమున, ఏది తగ్గినదని మాత్రమే గాక, ఎవరిది తగ్గినదని యడుగుట వారి విధి. దాతలగు మహాశయులకు మా విన్నపము వేరు. మీ యన్నదానము లోటుకాలమున ఒక నెల, ఒక యేడు ఆదుకొనగలదు, అది పుణ్యమే. కాని దాత చేయి తడవుకొన్ననాడు బాలుడు పస్తుండకుండవలెనన్నచో, ఆ యన్నము ప్రజల పన్నులో భాగమై, అడిగి పుచ్చుకొను హక్కుగ నిలువవలెను. శెట్టిగారి ప్రతిమకు పూలమాల వేయుదము. అదేదినమున మన యూరి బడికేగి పిల్లల కంచములోనికి ఒకమారు తొంగిచూతము. అదియే వారికి దగిన యర్చన.