సీటు బెల్టును ఇచ్చిన నిల్స్ బోలిన్

నిల్స్ బోలిన్ 1920 జూలై 17న స్వీడన్ దేశంలో జన్మించారు. 1942లో సాబ్ అనే విమానాల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన చేసిన పని చిత్రమైనది. విమానం కూలిపోయేటప్పుడు పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే ఏర్పాటును రూపొందించేవారు. మనుషులను బయటికి విసిరి బతికించిన ఆయనే తర్వాత లోపల కట్టి ఉంచి బతికించే పనికి పూనుకున్నారు.

1958లో వోల్వో కార్ల కంపెనీ ఆయనను భద్రతా ఇంజనీరుగా తీసుకుంది. కార్లలో అప్పటికే బెల్టులు లేకపోలేదు. కానీ అవి నడుముకు అడ్డంగా కట్టే పట్టీలు. బకిల్ సరిగ్గా పొట్ట మీదికి వచ్చేది. గట్టిగా గుద్దుకుంటే ఆ బెల్టే లోపలి అవయవాలను దెబ్బతీసేది. పైలట్లకు మంచి బెల్టులు ఉండేవి గానీ, కారు నడిపేవాళ్లకు అంత ఓపిక ఉండదని బోలిన్‌కు తెలుసు. ఒంటి చేత్తో పెట్టుకోగలిగేలా ఉండాలనుకున్నారు. ఏడాదిపాటు శ్రమించి, ఒక పట్టీ ఛాతీ మీదుగా, ఒకటి తుంటి మీదుగా వచ్చి సీటు పక్కన ఒకే చోట బిగిసే బెల్టును తయారుచేశారు. మనం సైన్సులో చదివిన జడత్వమే ఇక్కడ పనిచేస్తుంది. కారు ఆగినా మన శరీరం అదే వేగంతో ముందుకు పోతుంది. ఆ దెబ్బను మెత్తని పొట్ట కాకుండా గట్టి ఎముకలు కాచుకుంటాయి.

1959లో ఈ బెల్టు వోల్వో కార్లలోకి వచ్చింది. పేటెంటు ఉన్నా ఇతర కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. నా దృష్టిలో ఇది బెల్టు కనిపెట్టడం కంటే చిన్న పని కాదు. అయినా జనం వెంటనే నమ్మలేదు. అప్పుడు స్వీడన్‌లో జరిగిన 28 వేల ప్రమాదాలను పరిశీలించి 1967లో లెక్కలు బయటపెట్టారు. గంటకు సుమారు 100 కిలోమీటర్ల లోపు వేగంతో జరిగిన ప్రమాదాల్లో బెల్టు పెట్టుకున్నవారు ఒక్కరూ చనిపోలేదు. పెట్టుకోనివారు తక్కువ వేగంలో కూడా చనిపోయారు.

స్వీడన్ లెక్కలు మనకెందుకు అనుకోకండి. 2014 ఏప్రిల్ 23 రాత్రి భూమా శోభా నాగిరెడ్డి గారు ఎన్నికల ప్రచారం ముగించుకొని ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్నారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యపు కుప్పలను తప్పించబోయి ఆమె కారు పల్టీ కొట్టింది. ఆమె బయటికి పడిపోయారు. మరునాడు హైదరాబాదులో కన్నుమూశారు. బెల్టు పెట్టుకోలేదని పత్రికలు రాశాయి. మన బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతం. కోతలు మొదలైతే మన రోడ్ల మీద కూడా వడ్లే ఉంటాయి. కల్లాలు చాలని రైతును తిట్టి లాభం లేదు. చీకట్లో ఆ కుప్ప ఎదురైనప్పుడు కారులో ఉన్నవాళ్లకు మిగిలేది ఆ బెల్టే.

బోలిన్ 1985లో ఉద్యోగ విరమణ చేసి, 2002 సెప్టెంబర్ 21న 82 ఏళ్ల వయసులో మరణించారు. మన దేశంలో 2019 నుంచి బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. దానికి భయపడి ముందు కూర్చున్నవాళ్లు పెట్టుకుంటున్నారు. వెనక సీటు బెల్టులు మాత్రం చాలా కార్లలో సీటు కవర్ల కిందే ఉండిపోతున్నాయి.